సుల్తాన్ గారి సమ్మతి

మా పులిగోరుపేట మున్సిపాలిటీకి ఒక గుర్రం ఎలా సంక్రమించిందో ముందు చెప్పాలి.

మాఘమాసంలో ఒక పెళ్ళి ఊరేగింపు పెట్రోలు బంకు దాకా వచ్చి ఆగిపోయింది. బ్యాండువాళ్ళు వాయిస్తూనే ఉన్నారు. బంధువులు ఎగురుతూనే ఉన్నారు. గుర్రం మాత్రం ఇక కదలనంది. దానికి ముందు బెల్లంముక్క చూపించారు, తర్వాత కర్ర చూపించారు. కర్ర చూపించిన ఘట్టాన్ని ఎవరో ఫోన్లో పట్టేశారు. మర్నాటికి ఆ వీడియో జిల్లా అంతా తిరిగింది. జీవకారుణ్య సంఘంవాళ్ళు వచ్చారు, పోలీసులు వచ్చారు, గుర్రం యజమాని పారిపోయాడు, గుర్రాన్ని రక్షించారు. రక్షించాక ఎక్కడ పెట్టాలన్నది ఎవరికీ తోచలేదు. స్టేషన్లో చోటు లేదు. సంఘానికి ఆఫీసే లేదు. ఊళ్ళో బందెలదొడ్డి ఉన్నది మా మున్సిపాలిటీకే కాబట్టి మాకు అప్పగించారు. బందెలదొడ్డి నిండా పాత చెత్త రిక్షాలు ఉన్నాయి కాబట్టి మేము దాన్ని ఆఫీసు ఆవరణలో, జనరేటర్ షెడ్డు పక్కన కట్టేశాం.

అప్పగింత కాగితం మీద సంతకం పెట్టింది నేనే. నా పేరు పట్టాభి. సి-సెక్షన్‌లో గుమస్తాని. ముప్పై ఏళ్ళ సర్వీసులో చాలా వాటికి సంతకం పెట్టాను గానీ, సంతకం పెడుతుంటే నా భుజం మీద ఊపిరి వదిలిన దస్తావేజు మాత్రం అదొక్కటే.

గుర్రం పేరు సుల్తాన్. పశువైద్యాధికారి డాక్టర్ నిర్మల్ బాబు గారు దాని నోరు తెరిచి, పళ్ళు చూసి, ఇరవై రెండేళ్ళని రాశారు. మనుషుల్లో డెబ్బై దాటినట్టట. పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. గిట్టలు పెరిగి పెరిగి ముందుకు వంకర తిరిగాయి. కుడి ముందుకాలు నేలకి ఆనించడం లేదు. కళ్ళ నుంచి నీరు, ఆ నీటి చుట్టూ ఈగలు. ఇవన్నీ డాక్టరు గారు చక్కటి దస్తూరీలో రాసి, కింద సీలు వేసి వెళ్ళిపోయారు.

నాలుగో రోజున జాన్‌బీ గారు వచ్చారు. ఆవిడకి ఊరవతల కాలవగట్టున గులాబీ మొక్కల నర్సరీ ఉంది. యాభై అయిదేళ్ళుంటాయి. లైసెన్సు కాగితం కోసం వచ్చిన మనిషి లోపలికి రాకుండా గుర్రం దగ్గర ఆగిపోయారు. నేను కిటికీలోంచి పిలిచాను.

"ఏమండీ, ఈ గిట్టలు చూశారా?" అన్నారావిడ.

"చూశామండి. ఫైల్లో కూడా రాశాం."

"రాస్తే తగ్గుద్దా అండీ? లోపల చీము పట్టింది. ముట్టుకుంటే కాలుతోంది కాలు."

ఆవిడ తండ్రి జట్కా తోలేవాడట. గుర్రాల మధ్యే పెరిగారావిడ. అక్కడికక్కడే నా దగ్గర తెల్లకాగితం అడిగి తీసుకుని దరఖాస్తు రాశారు: గుర్రాన్ని నాకు ఇప్పించండి, పని చేయించను, అమ్మను, చచ్చేదాకా చూసుకుంటాను. మూడు వాక్యాలు. మా ఆఫీసుకి అంత చిన్న దరఖాస్తు అంతకుముందెప్పుడూ రాలేదు. వచ్చిన అరగంటలో తీరిపోవలసిన పని అది.

కానీ ఆ నెలలోనే మా కమిషనర్ అనంగరాజు గారు ఏదో కొండమీది ఊళ్ళో అయిదు రోజుల సదస్సుకి వెళ్ళొచ్చారు. సదస్సు విషయం సమ్మతి. ఎవరికి ఏం చేసినా వాళ్ళ సమ్మతి తీసుకునే చేయాలని అక్కడ చెప్పారట. మంచిమాటే. ఆయన దిగివచ్చిన రోజున టీ తెమ్మనే ముందు అటెండరు గవరయ్య సమ్మతి అడిగారు. గవరయ్య కాసేపు ఆలోచించి, "వద్దులెండి" అన్నాడు. ఆ రోజు ఆఫీసులో ఎవరికీ టీ లేదు.

జాన్‌బీ గారి దరఖాస్తు తీసుకుని నేను ఆయన గదిలోకి వెళ్ళాను.

"ఆవిడ కావాలంటున్నారు, మనం ఇస్తామంటున్నాం. బాగానే ఉంది," అన్నారు కమిషనర్ గారు. "మరి ఆయన ఏమంటున్నారు?"

"ఎవరండీ?"

"లబ్ధిదారు."

నేను కిటికీలోంచి లబ్ధిదారు వంక చూశాను. జనరేటర్ కేసి తిరిగి నిలబడి ఉంది.

కమిషనర్ గారు కొత్త సర్క్యులర్ తీసి చదివారు. "పునరావాసం పొందు ఏ నివాసినైననూ వారి స్వేచ్ఛాయుత సమ్మతి లేనిదే తరలించరాదు. విన్నారా? ఏ నివాసినైననూ. మనుషులని ఎక్కడైనా ఉందా?"

"లేదండి."

"నివాసి అంటే నివసించేవారు. సుల్తాన్ గారు నివసిస్తున్నారా, లేదా?"

"నివసిస్తోంది... నివసిస్తున్నారండి."

"ఇది దానం కాదు పట్టాభి గారూ, భాగస్వామ్య పునరావాసం. ముందు నోటీసివ్వండి."

నోటీసు టైపు చేయించి, నిబంధన ప్రకారం నివాసికి స్పష్టంగా కనిపించే చోట, అంటే షెడ్డు తలుపు మీద, మైదాపిండి జిగురుతో అంటించాం. సుల్తాన్ గారు నోటీసుని మైదాతో సహా తినేశారు. ఆ సంగతి ఫైల్లో ఎలా రాయాలో తెలియక కమిషనర్ గారిని అడిగాను. "నివాసి నోటీసును స్వీకరించి, సంపూర్ణంగా జీర్ణించుకున్నారు అని రాయండి," అన్నారు. అలాగే రాశాను.

వారం తిరిగాక విచారణ. ఆవరణలో షామియానా వేశారు. వీడియో తీసేవాణ్ణి పిలిపించారు. ఒకవైపు జాన్‌బీ గారు, మరోవైపు డాక్టరు గారు, మధ్యలో నివాసి. కమిషనర్ గారు చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డారు.

"సుల్తాన్ గారూ, మీరు శ్రీమతి జాన్‌బీ గారి నివాసానికి వెళ్ళుటకు సమ్మతించుచున్నారా?"

సుల్తాన్ గారు తల పైకీ కిందకీ రెండుసార్లు ఊపారు.

అందరం చప్పట్లు కొట్టాం. జాన్‌బీ గారు కట్టుతాడు విప్పబోయారు.

"ఆగండమ్మా," అన్నారు కమిషనర్ గారు. "ప్రత్యామ్నాయం కూడా అడగాలి. సుల్తాన్ గారూ, లేనిచో ఇచ్చటనే కొనసాగుటకు సమ్మతించుచున్నారా?"

సుల్తాన్ గారు దానికీ ఊపారు. ఇంకా గట్టిగా.

"అయ్యా, అవి ఈగలండీ," అన్నారు జాన్‌బీ గారు. "కళ్ళమీద వాల్తంటే తల ఎగరేస్తోంది. దానికేం తెలుసండీ పాపం!"

"నివాసి అభిప్రాయాన్ని ఈగలకు ఆపాదించడం అవమానకరం," అన్నారు కమిషనర్ గారు. "డాక్టరు గారూ, మీరేమంటారు?"

డాక్టరు గారు గుర్రాన్ని చూశారు, ఈగల్ని చూశారు, కమిషనర్ గారిని చూశారు. "శాస్త్రీయంగా దాన్ని తల ఊపడం అనే అంటామండి," అన్నారు.

రెండు సమ్మతులూ పరస్పర విరుద్ధం కాబట్టి విచారణ వాయిదా పడింది.

వాయిదాతో జాన్‌బీ గారు ఆగలేదు. "ఇవ్వడానికి మీకు కాగితాలు కావాలి. వైద్యం చేయడానికి నాకేం అక్కర్లేదుగా?" అని నన్నడిగారు. నిబంధనల్లో వెతికాను. నిషేధం కనపడలేదు. మర్నాటి నుంచి రోజూ పదకొండింటికల్లా మోపెడ్ మీద బకెట్టుతో వచ్చేవారు. గోరువెచ్చని ఉప్పునీళ్ళలో కాలు నానబెట్టి, మెత్తబడ్డాక గిట్టని కత్తితో చెక్కి, ఆకురాయితో రుద్ది, చీము తీశారు. అది తీసిన రోజున సుల్తాన్ గారు వదిలిన నిట్టూర్పు పైఅంతస్తులోని ఇంజినీరింగ్ సెక్షన్‌దాకా వినపడింది. అరిగిపోయిన పళ్ళకి గడ్డి నమలడం రాదని, ఉలవలు మెత్తగా ఉడికించి తవుడు కలిపి పెట్టేవారు. తినేసి మీసాలకి అంటిన తవుడు అది ఆవిడ భుజానికి తుడిచేది. మూడు వారాలకి నాలుగుకాళ్ళూ ఆనించి నిలబడింది.

ఒకరోజు నేనడిగాను, "ఎందుకండీ మీకింత శ్రమ?"

ఆవిడ ఆకురాయి ఆపలేదు. "జట్కాలు పోయాక మా నాన్న గుర్రాన్ని సంతకి తోలాడండి. నాకు పద్నాలుగేళ్ళు. ఎవరు కొన్నారో, ఎక్కడికి తీస్కెళ్ళారో ఆయనకే తెలీదు. ఎన్నేళ్ళయినా అదే బాధ. ఏమైపోయిందో తెలీదు." గిట్ట మీది పొడి ఊది, "ఇదన్నా ఎక్కడుందో తెలిసి పోవాలండి," అన్నారు.

నేను ఆ రోజు ఫైలు పైకి పంపాను, "అత్యవసరం" అని ఎర్రచీటీ పెట్టి. అది పైకి వెళ్ళిన సమయం మంచిది కాదు. అప్పుడే కమిషనర్ గారికి ఒక ఆలోచన వచ్చింది.

కొత్త సర్క్యులర్ ప్రకారం మున్సిపాలిటీ ఏ నిర్ణయం తీసుకున్నా ఆ వార్డులో నివాసి ఒకరైనా సమ్మతించినట్టు వీడియో ఉండాలి. మా ఆఫీసు ఉన్నది పద్నాలుగో వార్డు. కూరల మార్కెట్టూ, బస్టాపూ, పార్కూ అన్నీ ఆ వార్డులోవే. ఆ వార్డు నివాసులు సభకి పిలిస్తే వస్తారు, ఏం అడిగినా వద్దంటారు, వెళ్ళేటప్పుడు కుర్చీలు విరగ్గొడతారు. నెల రోజులుగా ఒక్క నిర్ణయం కదల్లేదు.

"పట్టాభి గారూ," అన్నారు కమిషనర్ గారు గొంతు తగ్గించి, "సుల్తాన్ గారు ఏ వార్డు?"

"పద్నాలుగండి."

"వయస్సు?"

"ఇరవై రెండు."

"మేజరు," అన్నారాయన కళ్ళు మూసుకుని.

మొదట బస్టాపు. చింతచెట్టు నీడలో ఉన్న బస్టాపుని ఎదురుగా ఎండలోకి మార్చుటకు పద్నాలుగో వార్డు నివాసి సమ్మతించారు. తర్వాత పార్కు. దాన్ని మిట్టమధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు వరకే తెరుచుటకు సమ్మతించారు. ఆ తర్వాత కూరల మార్కెట్టుని శ్మశానం పక్కకు తరలించుటకు హర్షం వ్యక్తం చేస్తూ సమ్మతించారు. హర్షం అంటే, ఆ రోజు ఈగలు ఎక్కువ.

జనం ఆఫీసు మీదికొచ్చారు. వంకాయలమ్మే ఆవిడ ఒకామె మా మెట్లమీద బుట్ట దింపి, "ఎవడయ్యా ఒప్పుకున్నది? ఆడి పేరు చెప్పండి!" అని కేకలేసింది. వీడియో చూపించాం. చివరిదాకా చూసి, "ఇది గుర్రం కదా!" అంది. "మీ వార్డేనమ్మా," అన్నాను. 

ఈలోగా జాన్‌బీ గారు వేపనూనెలో పసుపు కలిపి గుర్రం కళ్ళ చుట్టూ, నుదుటి మీద రాశారు. ఈగలు పోయాయి. కళ్ళు తేటపడ్డాయి. సుల్తాన్ గారు కదలకుండా, తల దించుకుని, ప్రశాంతంగా నిలబడ్డారు. ఆ మధ్యాహ్నం డ్రైనేజీ తీర్మానం పెట్టాం. మూడుసార్లు చదివినా తల కదల్లేదు.

గంటలో ఆఫీసు ఉత్తర్వు వెలువడింది: "నివాసి యొక్క అభిప్రాయ స్వేచ్ఛపై వేపనూనె దుష్ప్రభావం చూపుచున్నట్లు గమనించడమైనది. ఇకపై ఆవరణలోకి వేపనూనె తెచ్చుట నిషేధం."

గేటు దగ్గర జాన్‌బీ గారి బకెట్టు సోదా చేశారు. నూనెసీసా తీసేసుకున్నారు. ఆవిడ గుర్రం దగ్గరికెళ్ళి, పమిటచెంగుతో విసురుతూ అయిదింటిదాకా నిలబడ్డారు. ఆఫీసు మూసేదాకా ఒక్క తీర్మానమూ కాలేదు. కానీ నర్సరీలో మొక్కలకి నీళ్ళు పెట్టుకోవాలి, రోజంతా గుర్రానికి విసరలేరు కదా ఎవరైనా. రెండో వారానికి సుల్తాన్ గారి కళ్ళు మళ్ళీ వాచాయి. ఉలవలు బకెట్టులోనే మిగిలిపోతున్నాయి. "ఇలాగైతే వానాకాలం చూడదండి ఇది," అన్నారు జాన్‌బీ గారు నాతో. అది విన్నప్పటి నుంచి నాకు మా ఆఫీసు టీ సహించలేదు.

అటువైపు మా కీర్తి రాజధాని దాకా పాకింది. రెండు నెలల్లో పదకొండు నిర్ణయాలు, పదకొండూ నివాసుల సమ్మతితో, ఒక్క అభ్యంతరం లేకుండా! రాష్ట్రస్థాయి పురస్కారానికి మా పేరు ఎంపికైంది. పరిశీలకురాలిగా వకుళాదేవి గారనే పెద్ద అధికారిణి స్వయంగా వస్తున్నారని తెలిసింది.

ఆ రోజు ఉదయం ఆవరణంతా ఫినాయిలు కొట్టారు. దాంతో ఈగలన్నీ పారిపోయాయి. కమిషనర్ గారికి చెమటలు పట్టాయి. "గవరయ్యా, ఏదైనా చెయ్. నీ సమ్మతి తర్వాత రాసుకుంటాను," అన్నారు. గవరయ్య క్యాంటీన్‌కి పరిగెత్తి, గిన్నెడు బెల్లంపాకం తెచ్చి, సుల్తాన్ గారి నుదుటి మీద ధారగా పోశాడు. ఈగలు తిరిగొచ్చాయి. పాకం కొంచెం జారి ఎడమచెవిలోకి పోయింది. ఆ సంగతి గవరయ్య గమనించలేదు. ఈగ గమనించింది.

వకుళాదేవి గారు సన్నగా, పొట్టిగా ఉంటారు. కళ్ళద్దాలు తుడుచుకుంటూ గుర్రం ముందు నిలబడి, కమిషనర్ గారి ప్రసంగం ఇరవై నిమిషాలూ ఓపిగ్గా విన్నారు. జనం గోడలెక్కి చూస్తున్నారు. వంకాయలావిడ ముందు వరసలో ఉంది.

"నేనే స్వయంగా అడుగుతాను," అన్నారు వకుళాదేవి గారు. "సుల్తాన్ గారూ, ఈ పురపాలక సంఘం పనితీరు మీకు తృప్తిగా ఉందా?"

సుల్తాన్ గారు తల అడ్డంగా ఊపారు. అటూ ఇటూ, జూలు ఎగిరేలా.

వకుళాదేవి గారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు.

"మార్కెట్టు తరలింపు మీకు ఇష్టమయ్యే జరిగిందా?"

అడ్డంగా. చెవులు టపటపలాడాయి.

"పార్కు?"

అడ్డంగా.

"బస్టాపు?"

ఈసారి సుల్తాన్ గారు పాకం చుక్కలు కమిషనర్ గారి చొక్కామీద పడేంత గట్టిగా ఊపారు. గోడమీది జనం ఈలలేశారు.

"మేడమ్, నివాసికి ఈరోజు ఒంట్లో బాగాలేదు," అన్నారు కమిషనర్ గారు. "ఈ వాంగ్మూలం పరిగణించరాదు. ఇది... వాస్తవానికి ఇది గుర్రం మేడమ్."

"నిన్నటిదాకా చెల్లిన తల ఇవాళ చెల్లదంటారా?" అన్నారు వకుళాదేవి గారు. "నాలుగూ రాసుకోండి గుమస్తా గారూ. పదకొండు తీర్మానాలూ రద్దు."

కమిషనర్ గారు నా చెవి దగ్గరికొచ్చారు. "పట్టాభి, వెంటనే దీన్ని ఆ జాన్‌బీ గారికిచ్చి పంపించెయ్. ఇప్పుడే. ఇంకేమీ చెప్పకముందే."

"సమ్మతి లేకుండా ఎలాగండీ?" అన్నాను. నిజంగానే అన్నాను. వెటకారం కాదు.

ఆయన ముఖం పాలిపోయింది. ఈ ఊపులో జాన్‌బీ గారింటికి వెళతావా అని అడిగితే సుల్తాన్ గారు ఏమంటారో ఆవరణలో అందరికీ తెలుసు. గుర్రం జీవితాంతం జనరేటర్ పక్కనే.

అప్పుడు జాన్‌బీ గారు జనంలోంచి ముందుకొచ్చారు. ఎవర్నీ అనుమతి అడగలేదు. గుర్రం గడ్డం కింద చెయ్యి పెట్టి, "నాయనా, ఇక్కడే ఉంటావా?" అన్నారు.

సుల్తాన్ గారు అడ్డంగా ఊపారు.

గోడమీది నుంచి ఎవరో, "ఉండనంటున్నాడండోయ్!" అని అరిచారు.

"ఉండనన్నారు. రాయండి," అన్నారు వకుళాదేవి గారు. నేను రాశాను. ఆవిడ పద్ధతైన మనిషి. కళ్ళద్దాలు సర్దుకుని, "సరే, మరి ఈ జాన్‌బీ గారింటికి..." అని మొదలుపెట్టారు.

నేను రిజిస్టరు టప్పున మూసేశాను. "అమ్మా, క్షమించాలి. నిబంధన ఏడు, ఉపనిబంధన సి ప్రకారం వయోవృద్ధులైన నివాసిని రోజుకి అయిదు ప్రశ్నలకి మించి అడగరాదు. అయిదూ అయిపోయాయి. ఉండనన్నవారిని ఉంచరాదు. దరఖాస్తు పెట్టుకున్నది ఒక్కరే కాబట్టి వారికే అప్పగించాలి."

వకుళాదేవి గారు నా ముఖంలోకి చాలాసేపు చూశారు. ఆవిడకి నిబంధనలన్నీ కంఠతా వచ్చని తర్వాత తెలిసింది.

"అవును," అన్నారు. "ఏడు సి. మంచి నిబంధన."

అలాంటి నిబంధన లేదు. ముప్పై ఏళ్ళలో నేను సొంతంగా రాసింది అదొక్కటే.

సంతకాలు అయ్యీ కాకుండానే జాన్‌బీ గారు తడిగుడ్డ వేలికి చుట్టి సుల్తాన్ గారి చెవి తుడిచారు. ఈగ బయటికెళ్ళిపోయింది. తర్వాత ఆయన్ని నడిపించుకుంటూ గేటు దాటారు. వంకాయలావిడ బుట్టలోంచి ఒక క్యారెట్టు తీసి నోటికందించింది. ఆరు కిలోమీటర్ల దూరం మధ్యలో నాలుగుచోట్ల ఆగుతూ, ఎక్కడా కుంటకుండా, సొంతకాళ్ళ మీద నడిచి వెళ్ళారని తర్వాత విన్నాను. మార్కెట్టు పాతచోటికి వచ్చింది. అనంగరాజు గారిని మరో కొండమీది ఊరికి పంపించారు, సమ్మతి మీద పాఠాలు చెప్పడానికి.

మూడు నెలల తర్వాత నేను నర్సరీకి వెళ్ళవలసి వచ్చింది. పునరావాసం పొందినవారిని కలిసి, "లబ్ధిదారు సంతృప్తిగా ఉన్నారా?" అన్న గడి నింపాలి. వాన వెలిసి ఎండ కాస్తోంది. జాన్‌బీ గారు గులాబీ కొమ్మలకి అంట్లు కడుతున్నారు.

"అటున్నాడు చూడండి. దగ్గరికెళ్ళకండి, తంతాడు," అన్నారు నవ్వుతూ.

గట్టుకి అవతల, మెత్తటి ఇసకలో, సుల్తాన్ గారు వెల్లకిలా పడి, నాలుగుకాళ్ళూ ఆకాశంలోకి లేపి, వీపు అటు రుద్దుకుంటూ ఇటు రుద్దుకుంటూ పొర్లుతున్నారు. పొట్ట గుండ్రంగా తిరిగింది. పళ్ళన్నీ బయటపెట్టారు. ఉన్నవి కొన్నే.

కాగితం పట్టుకుని పావుగంట నిలబడ్డాను. ఆయన లేచారు, ఒళ్ళు విదిలించి నాకు నిండా ఇసక పోశారు, నావంక కనీసం చూడకుండా ఒక గులాబీ మొగ్గ కొరుక్కుని అవతలికి వెళ్ళిపోయారు. జాన్‌బీ గారు, "ఒరేయ్, అది అమ్మకానికిరా!" అంటూ వెనకాల పరిగెత్తారు.

గడిలో ఇలా రాశాను: "అడుగుటకు వీలు పడలేదు. లబ్ధిదారు పనిలో ఉన్నారు."